వాడిక

మన కాలేజీ వెనక గేటుకి ఎదురుగా, చింతచెట్టు కింద ఉన్న రేకుల షెడ్డు తెలియని విద్యార్థి ఉండడు. సైకిలు లేనివాడు కూడా ఎండలో ఓ నిమిషం అక్కడ ఆగి కుండలో నీళ్ళు తాగే ఉంటాడు. ఆ సైకిలు షాపాయనకి పేరుంది గాని ఎవరమూ పేరుతో పిలవం. అందరికీ బాబాయే. అయితే ఈ వ్యాసం ఆ బాబాయి గురించి అనుకుంటే పొరపాటు. నా గురించి, కొంతవరకు మీ గురించి కూడా.

విద్యార్థి సంఘం సంచికలో దేశ సమస్యలూ, నిరుద్యోగమూ, విద్యావిధానమూ వదిలిపెట్టి సైకిలు షాపు మీద వ్యాసమేమిటని మిత్రులు నవ్వొచ్చు. నవ్వండి. నిరుద్యోగం గురించి మనం ఎన్ని పేజీలైనా రాస్తాం. మన కళ్ళెదుట ఒక మనిషి పని ఎలా కరిగిపోతున్నదో, అందులో మన చెయ్యి ఎంత ఉన్నదో రాయాలంటే మాత్రం మొహమాటం అడ్డొస్తుంది.

జరిగింది చెబుతాను. నేను ఇక్కడ చేరిన ఏడాది మా నాన్న తొక్కిన అట్లాసు సైకిలు పాల వ్యానులో వేసి తెచ్చుకున్నాను. ఆ అట్లాసు కంపెనీ 1951లో సోనీపట్‌లో మొదలైంది. దాని సాహిబాబాదు ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడే మూతపడింది. ఫ్యాక్టరీ మూసినా నా సైకిలు మాత్రం ఆగకుండా నడిచిందంటే అది బాబాయి చలవే. బేరింగుల్లో గుళ్ళు మార్చాడు, ఫ్రీవీలు మార్చాడు, వెనక చక్రం వంకర ఎన్నిసార్లు తీశాడో లెక్కలేదు. చేతిలో డబ్బు లేదంటే "ఇంటికాణ్ణించి వచ్చాక ఇద్దువుగానిలే" అనేవాడు. ఆ బాకీ ఆయన ఎక్కడా రాసుకోవడం నేను చూడలేదు.

పోయిన సంవత్సరం ఆ సైకిలు మా తమ్ముడికి కావలసి వచ్చింది. హైస్కూలు మా ఊరికి నాలుగు కిలోమీటర్లు. నన్ను కొత్తది కొనుక్కోమని నాన్న మిరపకాయలు అమ్మిన డబ్బులో ఎనిమిది వేలు చేతిలో పెట్టాడు. నేరుగా బాబాయి దగ్గరికే వెళ్ళాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టి నన్ను మూడు సైకిళ్ళు ఎక్కించి చూశాడు. "కాలు ఆనుతుందా? వంగితే నడుం లాగుతుందా? గేర్లు నీకెందుకురా, చెడితే రిపేర్లకే పెట్టాలి" అంటూ చివరికి ఒకటి తేల్చాడు. ధర 8,300. తాళమూ, స్టాండూ తనే వేస్తానన్నాడు. తగ్గిన మూడొందలు తర్వాత ఇమ్మన్నాడు. అంతా కలిసి ముప్పావుగంట పట్టింది. "సాయంత్రం వస్తా బాబాయ్" అని రూముకి వచ్చి, అదే కంపెనీ, అదే మోడలు, అదే కొలత ఫోనులో వెతికితే 7,400కి కనపడింది. నొక్కేశాను.

తొమ్మిది వందలంటే మా ఊళ్ళో మిరపకోతకి వచ్చిన ఇద్దరు మనుషుల ఒకరోజు కూలి. కాబట్టి చవకగా కొనడం ద్రోహమని ఎవరైనా అంటే నేను ఇవాళ కూడా ఒప్పుకోను. రైతు కొడుకు ధర చూడకుండా కొనలేడు, కొనకూడదు కూడా. తప్పు ఆ తొమ్మిది వందల దగ్గర లేదు. ముప్పావుగంట దగ్గర ఉంది. నాకు ఏ కొలత సరిపోతుందో ఫోను చెప్పలేదు, బాబాయి చెప్పాడు. ఆ తెలివి ఆయన దగ్గర తీసుకుని డబ్బు వేరేచోట కట్టాను. కొట్లో ఓ వస్తువు చేతిలోకి తీసుకుని ఊరికే బయటికి నడిస్తే దానికి పేరుంది. దీనికింకా పేరు పెట్టలేదు గనక చేసేవాళ్ళకి సిగ్గు లేదు.

వారం తిరక్కుండా అట్టపెట్టె వచ్చింది. అందులో సైకిలు పూర్తిగా బిగించి ఉండదు. ముందు చక్రం, హ్యాండిలు, సీటు, పెడళ్ళు మనమే వేసుకోవాలి. ముగ్గురం ఫిజిక్సు విద్యార్థులం ఒక పానాతో కూర్చున్నాం. ఇక్కడొక మాట చెప్పాలి, తెలియనివాళ్ళకి పనికొస్తుంది. కుడి పెడలుకి మామూలు మర, ఎడమ పెడలుకి ఎడమ మర ఉంటుంది. తొక్కేటప్పుడు పడే బరువు పెడలు ఇరుసుని క్రాంకు రంధ్రంలో కొద్ది కొద్దిగా వెనక్కి దొర్లిస్తుంది. రెండువైపులా మామూలు మరే పెడితే ఎడమది తొక్కుతూ తొక్కుతూ ఊడిపోతుంది. దీన్ని కూడా ప్రిసెషన్ అనే అంటారు. బొంగరం ప్రిసెషన్ గురించి పరీక్షలో రెండు పేజీలు రాసి మార్కులు కొట్టేసిన ముగ్గురం, పెడళ్ళ మీద ఉన్న ఎల్, ఆర్ అక్షరాలు చూసుకోకుండా కుడిది తెచ్చి ఎడమవైపు దూర్చాం. ఎక్కకపోతే పానా మీద కాలు పెట్టి తొక్కాం. మర కాస్తా పోయింది.

నాలుగు రోజులు సైకిలు గోడకి ఆనించి, నేను ముందు గేటు మీదుగా చుట్టూ తిరిగి కాలేజీకి నడిచాను, బాబాయి కంట పడకూడదని. అయిదో రోజు చీకటి పడ్డాక తోసుకుంటూ వెళ్ళాను. ఆయన చూసి, "పెట్టెలో వచ్చిందా?" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది. ఎడమ క్రాంకు కొత్తది వేశాడు. బ్రేకులు సరిచేశాడు. ముందు చక్రం తిప్పి చూసి, రెండు చువ్వలు వదులుగా ఉన్నాయని బిగించాడు. గంటన్నర పైన పట్టింది. సామాను ఖరీదు చెప్పి, కూలి ఎంతంటే "నీ ఇష్టం" అన్నాడు. యాభై ఇచ్చాను. తీసుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

ఆ తర్వాత నేను ఆ షాపు లెక్క కట్టాను. అద్దె నాలుగు వేలు. పంక్చరుకి నలభై. సొల్యూషనూ, రబ్బరు ముక్కా ఊరికే వచ్చినట్లు అనుకున్నా, అద్దెకే నెలకి నూరు పంక్చర్లు వెయ్యాలి. కరెంటు, ఇంటి ఖర్చు, పిల్లల చదువు ఆ తర్వాత. మరి ఇన్నాళ్ళూ ఎట్లా నడిచిందంటే కొత్త సైకిళ్ళ మీద మిగిలే డబ్బుతో నడిచింది. ఒక్కో సైకిలుకి వెయ్యి లోపే మిగిలేదని ఆయనే చెప్పాడు. ఆ మిగులు ఉంది గనకనే చువ్వ బిగించినందుకు డబ్బు అడిగేవాడు కాదు, బాకీ రాసుకునేవాడు కాదు. మనం ఆయన మంచితనం అనుకున్నదానిలో సగం మంచితనమే గాని, తక్కిన సగం ఆ మిగులు. కొత్త సైకిళ్ళు పెట్టెల్లో రావడం మొదలయ్యాక ఆ మిగులు పోయింది. మంచితనాన్ని మాత్రం మనం పాత ధరకే అడుగుతున్నాం. 2025 సెప్టెంబరులో సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు, మంచిదే. కాని అది అక్కడా తగ్గింది, ఇక్కడా తగ్గింది.

మా ఊళ్ళో దీనికి 'వాడిక' అని ఒక మాట ఉంది. పాలు వాడికగా పోయించుకుంటారు. అంటే మనం రోజూ ధర అడగం, ఆయన నీళ్ళు కలపడు. (కలిపినా మితంగా కలుపుతాడని మా అమ్మ సవరణ.) వాడిక గొప్పదని పెద్దవాళ్ళు చెబుతారు గాని నాకు ఆ మాట మీద పూర్తి నమ్మకం లేదు. ఎందుకంటే మా నాన్నకి ఇంకో వాడిక ఉంది, పురుగుమందుల కొట్టుతో. మందులూ ఎరువులూ అప్పు మీద ఇస్తారు, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఆయన ఏ సీసా చేతిలో పెడితే అదే కొట్టాలి. పక్క కొట్లో అదే మందు చవకని తెలిసినా గడప తొక్కలేడు, పాత బాకీ మొత్తం ఒక్కసారే కట్టమంటారని భయం. దాన్ని కూడా ఊళ్ళో వాడికే అంటారు. నా దృష్టిలో అది వాడిక కాదు, పలుపు. బాబాయి షాపు నుంచి నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళిపోవచ్చు, వెళ్ళిపోయాను కూడా. తిరిగి వస్తే "పెట్టెలో వచ్చిందా" అన్నాడు గాని పనిచెయ్యనని అనలేదు. మనల్ని కట్టెయ్యనివాణ్ణే మనం ముంచుతాం, కట్టేసినవాడికి వడ్డీతో సహా కడతాం. ఇదెక్కడి న్యాయం?

మా తాత చెప్పిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పకపోతే వ్యాసం పూర్తికాదు. ఆయన పడుచుదనంలో ఊళ్ళో ఒక వడ్రంగి ఉండేవాడు. నాగలి, కాడి, గొర్రు, గుంటక, ఏది విరిగినా ఏడాది పొడుగునా ఆయనే చెక్కాలి. పనికింతని డబ్బు లేదు. పంట కళ్ళానికొచ్చాక మేర కింద గింజలు కొలిచేవాళ్ళు. ఆ పద్ధతి మంచిదని నేను అనను. పంట పోతే మేరా పోయేది, కొలత రైతు చేతిలో ఉండేది, అడిగే హక్కు ఆయనకి లేదు. సరే, ట్రాక్టర్లు వచ్చాయి. నాగలి పని పోయింది, దానితో మేర కూడా ఆగిపోయింది. కాని పారకి కర్ర వెయ్యడానికీ, కొడవలికి పిడి వెయ్యడానికీ, తలుపు గడియ సరిచెయ్యడానికీ జనం ఆయన దగ్గరికే వెళ్ళేవాళ్ళు. "నీ ఇష్టం" అని ఆయనా అనేవాడట. ఇష్టం వచ్చినంత ఇచ్చేవాళ్ళట. రెండేళ్ళు చూసి టౌనుకి వెళ్ళి బల్లలూ కుర్చీలూ చేసే షాపులో కుదిరాడు. ఇప్పుడు మాకు పార కర్ర విరిగితే తొమ్మిది కిలోమీటర్లు పోవాలి. తాత ఈ సంగతి చెప్పేటప్పుడు తాను ఎంత ఇచ్చేవాడో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఒక మిత్రుడు నాతో వాదించాడు: "కాలం మారుతుంటే షాపులు పోతాయి. గంటకి అద్దె సైకిళ్ళిచ్చేవాళ్ళు పోలేదూ? రేపు బాబాయి కూడా మోటారు సైకిళ్ళ పని నేర్చుకుంటాడు." పోయేవాటిని ఆపమని నేను అనడం లేదు. అద్దె సైకిళ్ళు అక్కర్లేక పోయాయి. ఈ షాపు అలా కాదు. మన స్టాండులో మోటారు సైకిళ్ళే ఎక్కువైనా, హాస్టలు నుంచీ, చుట్టుపక్కల రూముల నుంచీ సైకిలు మీద వచ్చేవాళ్ళం ఇంకా బోలెడుమందిమి ఉన్నాం. పెట్టెల్లో వచ్చే సైకిళ్ళు కూడా చివరికి చేరేది అక్కడికే. పని ఉంది. పనికి ధర లేదు. అదీ తేడా. సైకిలు షాపంటే చులకనగా చూసేవాళ్ళకి ఇంకో మాట. 1903లో విమానం ఎగరేసిన రైట్ సోదరులు డేటన్ పట్నంలో సైకిలు షాపువాళ్ళే, ఆ విమానానికి ఇంజను చేసింది వాళ్ళ షాపులో పనిచేసే మెకానిక్కే.

కాబట్టి మిత్రులకి నా విజ్ఞప్తి ఏమిటంటే, ఎక్కడ చవకైతే అక్కడే కొనండి. కాని ఫోనులో కొనదలుచుకుంటే బాబాయి సైకిలెక్కి కొలత చూసుకోకండి. చూసుకుంటే ఫోను ధర ఆయన ముందు పెట్టి "ఎంతకిస్తావు బాబాయ్" అని అడగండి. నేను ఆ ఒక్క మాట అడగలేదు. తర్వాత ఎప్పుడో చెప్పాడు, అయిదొందలు తగ్గించి ఉండేవాణ్ణని. పెట్టె తెచ్చుకున్నా సరే, బిగించినందుకు పూర్తి కూలి ఇవ్వండి, బేరం లేకుండా. ఇష్టమొచ్చినంత కాదు, పనికి తగ్గంత.

ఈ మాటే ఆయనతో అంటే ముందు నవ్వాడు. "రేట్లు రాస్తే పిల్లలు రారురా" అన్నాడు. నెల రోజులు వెంటపడ్డాక ఒక పాత రేకు ముక్క ఇచ్చి నా చేతే రాయించాడు. పంక్చరు 40. చక్రం వంకర 100. ఓవరాయిలింగు 450. పెట్టె సైకిలు ఫిట్టింగు 350. మొదటి రోజే ఒక జూనియరు బోర్డు చదివి, "స్టూడెంట్సుకి కూడానా?" అని అడిగాడు. బాబాయి నా వంక చూశాడు. అవునన్నాను. నా దగ్గర పాత బాకీ మూడొందలని మరుసటి నెలలో తీసుకెళ్ళి ఇస్తే, ఏ బాకీ అని అడిగాడు. ఆ రాత్రి పనికి అని చెప్పాక రెండొందలుంచుకుని వంద తిరిగిచ్చాడు.

గాలి కొట్టినందుకు అయిదు రూపాయలు రాద్దామంటే మాత్రం ఒప్పుకోలేదు. పంపు ఎప్పటిలాగే చెట్టు మొదట్లో ఉంటుంది. ఎవరికి కావాలంటే వాళ్ళు కొట్టుకోవచ్చు.