కంప్రెసర్ బుస కొడుతోంది, మనం రికార్డు రాస్తున్నాం

థర్మల్ ల్యాబ్‌లో రీడింగులు రాసుకుంటుంటే వెనక నుంచి సన్నగా ఒక బుస వినిపిస్తూ ఉంటుంది. మా బ్యాచ్ అంతా విన్నాం. సీనియర్లని అడిగితే "అది ఎప్పట్నుంచో అంతేరా" అన్నారు. ఆ కంప్రెసర్ మీదే వాల్యుమెట్రిక్ ఎఫిషియన్సీ కట్టి, దశాంశం తర్వాత రెండంకెలు కూడా వేసి, సంతకం పెట్టించుకున్నాం.

లీకు ఉన్నది డెలివరీ వైపు, మనం గాలి కొలిచేది ఇన్‌లెట్ ఆరిఫిస్ దగ్గర, కాబట్టి లెక్క తప్పదు కదా అని ఎవరో ఒకరు అంటారు. నిజమే, తప్పదు. నా బాధ కూడా అదే. జవాబు కరెక్టుగా వస్తే చాలు, పక్కన గాలి పోతున్నా మనకి పట్టదు.

మొన్న ఒక శనివారం ల్యాబ్ అటెండర్ అన్న "ఖాళీగా ఉంటే ఓ చెయ్యి వెయ్యండి తమ్ముడూ" అంటే నేనూ నా ఫ్రెండూ వెళ్లాం. ముందు లీకు ఎంతో కొలుద్దాం అన్నాను. 200 లీటర్ల ట్యాంకు, 7 బార్ దాకా నింపి, మోటారు ఆపి, గొట్టాల చివరలు మూసి గడియారం చూశాం. 8 నిమిషాల్లో ముల్లు 6కి దిగింది. అంటే బయటి పీడనం దగ్గర లెక్కేస్తే 200 లీటర్ల గాలి, నిమిషానికి 25 లీటర్లు. ఫస్టియర్‌లో బట్టీ పట్టిన గ్యాస్ సూత్రం నాకు మొదటిసారి పనికొచ్చింది.

తర్వాత సబ్బు నీళ్లు, పాత పెయింట్ బ్రష్షు. ఒక ఎల్బో దగ్గరా, క్విక్ కప్లర్ దగ్గరా నురుగు పొంగింది. నేను వెంటనే స్పానర్ తీశాను. అన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ప్రెషర్ ఉండగా ఫిట్టింగు ముట్టుకోకూడదు, ముందు ట్యాంకు పూర్తిగా ఖాళీ చెయ్యాలి. అడుగున డ్రెయిన్ తిప్పితే తుప్పు నీళ్లు వచ్చాయి, అది ఇంకో కథ.

ఎల్బో విప్పితే టేపు పీలికలై ఉంది. ఎవరో ఉల్టా చుట్టారు. మర చివర మన వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. లేకపోతే బిగించేటప్పుడు టేపే విడిపోతుంది. చివరి ఒకటి రెండు మరలు వదిలేయాలి, లేదంటే ముక్కలు లోపలికి పోయి వాల్వులో ఇరుక్కుంటాయి. ఇంకోటి: టేపు పనిచేసేది టేపర్ మరకే. కప్లర్‌ది సమాంతర మర, అక్కడ గాలిని ఆపేది వాషరు. దాని మీద ఎన్ని చుట్లు చుట్టినా దండగే, వాషరు మార్చాలి. ఈ తేడా మెషిన్ డ్రాయింగ్‌లో నేను గీశాను, మార్కులూ వచ్చాయి, చేత్తో పట్టుకుంటే మాత్రం గుర్తుపట్టలేకపోయాను.

మోటారు ఆగగానే ప్రెషర్ స్విచ్ దగ్గర 'టుస్' మని ఒక్కసారి వచ్చే చప్పుడు మాత్రం లీకు కాదు, అన్‌లోడర్ గాలి వదలడం. అది ఆగకుండా వస్తూనే ఉంటే తప్పు సాధారణంగా స్విచ్‌ది కాదు, ట్యాంకు దగ్గరి నాన్ రిటర్న్ వాల్వుది.

"మనం ఇంజినీర్లం, ఫిట్టర్ పని మనకెందుకు" అనే మాట క్లాసులో చాలాసార్లు విన్నాను. ఆ మాట అనేవాళ్లు ఒక లెక్క చూడాలి. 7 బార్ దగ్గర 3 మిల్లీమీటర్ల కన్నం ఉంటే దాని కోసమే కంప్రెసర్ దాదాపు 3 కిలోవాట్లు ఖర్చు పెడుతుంది. రోజుకి ఎనిమిది గంటలు నడిచే షాపులో 24 యూనిట్లు. రేపు మనం మేనేజర్లమై కరెంటు బిల్లు చూసి పెద్ద కంప్రెసర్‌కి ఇండెంట్ పెడతాం, పది రూపాయల వాషరు సంగతి మనకి తట్టదు. తట్టాలంటే ఒక్కసారైనా చేతికి సబ్బు అంటాలి.

అందుకే ఎఫిషియన్సీ ప్రయోగం పక్కనే లీక్ టెస్టునీ ఒక ప్రయోగంగా పెట్టమని ల్యాబ్ ఇన్‌చార్జి సార్‌కి ఉత్తరం రాస్తున్నాం. రిపేరు తర్వాత అరగంటైనా ముల్లు కదిలినట్టు కనిపించలేదు, ఆ రీడింగు కూడా జతచేస్తున్నాం. సంతకం పెట్టేవాళ్లు ల్యాబ్‌కి రండి. వచ్చేటప్పుడు ఒక టెఫ్లాన్ టేపు రోలు కూడా తెండి, స్టోర్స్‌కి ఇండెంట్ పెడితే అది వచ్చేసరికి మన కాన్వొకేషన్ అయిపోతుంది.