పగలు కరెంటు చవకంటే సరిపోదు, పగలు ఇంట్లో ఎవరుండారో చూడాలి



పై వీడియోలో మా ఇంటి మీటరు, కొట్టం పక్కనున్న గడ్డి కోసే మిషను చూపించినాను. చాలామంది అడిగేది ఒకటే మాట. "అన్నా, స్మార్ట్ మీటరు వస్తే పగలొక రేటు, సాయంత్రమొక రేటు అంట కదా. మన ఇంటికి అది మేలా, ఇప్పుడున్నట్టు గంటతో పనిలేని రేటు మేలా?" వీడియోలో లెక్కలు చెప్తే చెవికి ఎక్కవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. ఇది పొలం మోటరు గురించి కాదు. కేంద్రం 2023 జూన్‌లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది. వ్యవసాయ కనెక్షన్లు తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ 1 నాటికి గంటలను బట్టి రేటు పెట్టాలని, స్మార్ట్ మీటరు బిగించిన వెంటనే అది అమలు కావాలని అందులో ఉంది. ఎండ ఉండే 8 గంటల్లో మామూలు రేటు కన్నా కనీసం 20 శాతం తక్కువ. గిరాకీ ఎక్కువుండే గంటల్లో ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ. ఏ గంటలు ఏవి అనేది రాష్ట్ర కమిషన్ చెప్పాల్సిన మాట.

పగలు ఎందుకు చవక? బ్రిటన్‌లో 1978లో ఎకానమీ 7 అని పెట్టి రాత్రి ఏడు గంటలు కరెంటు చవకగా ఇచ్చినారు. అక్కడ పెద్ద ప్లాంట్లు రాత్రి కూడా ఆపలేరు, వాడేవాళ్లు తక్కువ. మన దగ్గర కథ తిరగబడింది. ఓర్వకల్లు, గని, శకునాల పక్క చూడండి, వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు. ఎండ ఉన్నంతసేపు కరెంటే కరెంటు. పొద్దుగూకితే అది నిల్. అప్పుడు ముద్దనూరు దగ్గరి ఆర్టీపీపీలో బొగ్గు కాల్చాల్సిందే. కాబట్టి పగలు వాడుకోమని చెప్పడంలో న్యాయం లేకపోలేదు. ప్రకృతి సేద్యం చేసే మనకు, పొద్దుతోపాటు నడిచే మాట వినడానికి బాగానే ఉంటుంది కూడా. నేనూ మొదట మేలే అనుకున్నాను. లెక్క వేసినాకనే తెలిసింది.

మా ఇంటి బిల్లు తీసుకుందాం. ఎండాకాలం నెలకు 180 యూనిట్లు. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున 57 రూపాయలు. తర్వాత 45 యూనిట్లు 3 రూపాయల చొప్పున 135. తర్వాత 50 యూనిట్లు 4.50 చొప్పున 225. మిగిలిన 55 యూనిట్లు 6 రూపాయల చొప్పున 330. మొత్తం 747. సర్దుబాటు చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీ పక్కన పెడితే సరాసరి యూనిట్ 4 రూపాయల 15 పైసలు.

ఈ సరాసరి మీదనే తగ్గింపు, పెంపు వేసి చూద్దాం. పగలు 50 యూనిట్లు, సాయంత్రం గిరాకీ గంటల్లో 60, మిగతావి 70 అనుకోండి. పగలు మిగిలేది 41 రూపాయల 50 పైసలు. సాయంత్రం ఎక్కువ పడేది 24 రూపాయల 90 పైసలు. నికరంగా మిగిలేది 16 రూపాయల 60 పైసలు. అదే పొద్దంతా అందరూ చేలోనే ఉండి, పగలు 25, సాయంత్రం 90 వాడే ఇల్లయితే? సరిగ్గా అంతే, 16 రూపాయల 60 పైసలు ఎదురు కట్టాల.

సరే, సాయంత్రం పని పగటికి మార్చుకుంటే? మా గడ్డి మిషను 2 హెచ్‌పీ. రోజుకు అరగంట తిరిగితే నెలకు 20 యూనిట్ల పైనే. అది సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి మారిస్తే నెలకు ఇంకో 25 రూపాయలు మిగులుతుంది. ఈ మాట ఇంట్లో చెప్పినాను. నా భార్య సంగటి గెలుకుతూ ఒకే మాట అనింది. "పగలు తిప్పేదానికి పగలు ఇంట్లో ఎవరుండారు?"

నాకు నోట మాట రాలేదు. వేపాకు రుబ్బేది ఆమె, జీవామృతం కలిపేది ఆమె, కలుపు తీసేది ఆమె. నెలకు 25 రూపాయల కోసం రోజూ మధ్యాహ్నం చేను వదిలి ఇంటికి నడిచి రావాలంటే ఆ నడక ఎవరిది?

మనకు ఇది కొత్త కాదు. రాత్రి కరెంటు కాలం గుర్తుంది కదా. కరెంటు ఎప్పుడిస్తే అప్పుడు లేచి పోయేవాళ్లం. మా చిన్నాయన అట్లా అర్ధరాత్రి స్టార్టరు దగ్గరికి పోయి పాము కాటు తిన్నాడు. బతికినాడు గానీ ఆ కాలు మళ్లీ కుదురుగా రాలేదు. అందుకే "గంట చూసి వాడుకోండి" అనే మాట వింటే నాకు కాస్త భయమే.

అయితే పొదుపు ఎక్కడుంది? ఎంత వాడినామనే దాంట్లో ఉంది. మా పై 55 యూనిట్లు 6 రూపాయలవి. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల లోపలే. రెండు ఫ్యాన్లు రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు తగ్గుతాయి. అంటే 162 రూపాయలు. ఎవరి పనివేళా మార్చనక్కరలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పగలంతా ఇంట్లో మనుషులుండి, రుబ్బడం, నీళ్లు తోడడం, గడ్డి కోయడం పగలే జరిగే ఇళ్లకు గంటల రేటు మేలు. మాలాగా పొద్దుమునిగాక దీపం, ఫ్యాను, మిక్సీ వేసే ఇళ్లకు పాత పద్ధతే మేలు. మిద్దె మీద సోలార్ పెట్టుకున్నవాళ్లకు పగలు కొనేదే తక్కువ, ఇంక తగ్గింపు దేనిమీద? సాయంత్రం పెంపు మాత్రం ఉంటుంది.

ఎవరికి ఏది మేలో ఇల్లే తేల్చుకోవాల. అందుకని గంటల రేటు ఇష్టమున్నోళ్లకే ఇవ్వాలని నేనంటాను. ఒక ఏడాది బిల్లు మీద రెండు లెక్కలూ పక్కపక్కన అచ్చు వేయమనండి. రెండు వేసవులు, రెండు పంటలు చూసినాక ఎంచుకుంటాం.

విద్యుత్ నియంత్రణ మండలి ఆఫీసు ఇప్పుడు మన కర్నూలులోనే ఉంది. రేట్ల మీద ప్రజాభిప్రాయం అడిగినప్పుడు ఫ్యాక్టరీల వాళ్లు లెక్కలతో పోతారు. మనమూ లెక్కతో పోవాల. ఒక నెలపాటు పొద్దున, సాయంత్రం, పడుకునే ముందు మీటరు చూసి గోడ క్యాలెండరు మీద రాయండి. మా ఇంట్లో రాస్తున్నాం. రాసేది మాత్రం నేనే, ఆ పని కూడా ఆమె మీద వేయలేదు.