అసలు మీది ఏ ఊరు?

మన తెలుగువాళ్లు కొత్తగా ఎవరిని కలిసినా, పేరు తెలుసుకున్నాక అడిగే మొదటి ప్రశ్న "మీది ఏ ఊరు?" మీరూ చాలాసార్లు వినే ఉంటారు. గుడిలోనో, పుట్టినరోజు పార్టీలోనో ఎవరో ఒక పెద్దాయన మిమ్మల్ని ఆపి అడుగుతారు. అప్పుడు మీరేం చెబుతారు?

పోయిన ఉగాది వేడుకల్లో ఒక పెద్దావిడ మా అమ్మాయిని ఇలాగే అడిగారు. "ప్రిన్స్‌టన్ జంక్షన్ అండీ" అంది మా అమ్మాయి. ఆవిడ నవ్వి, "అది కాదు తల్లీ, అసలు మీది ఏ ఊరు?" అన్నారు. పిల్ల ఒక్క క్షణం నా వైపు చూసి, "తెనాలి" అంది. ఆవిడకి సంతోషం వేసింది. ఇంతకీ మా అమ్మాయి పుట్టినప్పటి నుంచి తెనాలిలో ఉన్నది మొత్తం కలిపి ఏడు వారాలు.

ఆవిడ ప్రేమగానే అడిగారు, నేను తప్పు పట్టడం లేదు. కానీ ఆ "అసలు" అనే మాట దగ్గరే నాకు పేచీ. మీరు పుట్టి పెరుగుతున్న ఊరే మీ అసలు ఊరు అని నా అభిప్రాయం. అది ఎంత చిన్నదైనా సరే, ఎంత నిశ్శబ్దంగా ఉన్నా సరే.

"మా ఊళ్లో ఏమీ లేదు ఆంటీ" అని మా అమ్మాయి స్నేహితులు నాతో అంటూ ఉంటారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. న్యూజెర్సీలో మా ప్రిన్స్‌టన్ జంక్షన్ జనాభా 2,500కి కాస్త అటూ ఇటూ. దీనికి సొంతంగా మేయర్ కూడా లేరు, వెస్ట్ విండ్సర్ టౌన్‌షిప్‌లో ఇదొక భాగం. పక్కనే ఉన్న ప్రిన్స్‌టన్ పేరు ప్రపంచమంతా తెలుసు, మా ఊరి పేరు రైలు ఎక్కేవాళ్లకే తెలుసు. న్యూయార్క్ వెళ్లడానికి రైల్లో గంటకి పైనే పడుతుంది. పొద్దున్నే పెద్దవాళ్లంతా ఆ రైలెక్కి వెళ్లిపోతారు. చీకటి పడ్డాక వస్తారు. మధ్యలో ఊరు ఖాళీ. కుక్క మొరిగినా రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది.

ఇలాంటి ఊళ్లు అమెరికాలోనే ఉన్నాయనుకోకండి. తెనాలిలో నా చిన్నప్పుడు మా వీధిలో సగంమంది మగవాళ్లు సీజన్ టికెట్ కొనుక్కుని, రోజూ రైల్లో విజయవాడకో గుంటూరుకో ఉద్యోగానికి వెళ్లేవాళ్లు. అయితే వాళ్లు వెళ్లిపోయినా ఊరు ఖాళీ అయ్యేది కాదు. కూరగాయల బండ్లు వచ్చేవి, అరుగుల మీద ముసలివాళ్లు కూర్చుని ఉండేవారు. ఇక్కడ అరుగులూ లేవు, బండ్లూ లేవు. తేడా అదే.

నా సంగతి కూడా చెప్పాలి. పదకొండేళ్లు నేను 6:40 రైలెక్కాను. ప్లాట్‌ఫారం మీద ఏ స్తంభం దగ్గర నిలబడితే నా ఎదురుగా తలుపు తెరుచుకుంటుందో నాకు తెలుసు. మా పక్కింటావిడ పేరు మాత్రం తెలీదు. తెలుగులో "సత్రం భోజనం, మఠం నిద్ర" అంటారు. అంటే ఎక్కడో తిని, ఎక్కడో పడుకుని, ఏ చోటునీ తనది అనుకోకుండా బతకడం. నేను అలాగే బతికాను. 2020లో రైళ్లు ఖాళీ అయిపోయి, ఇంటి నుంచే పని చేయాల్సి వచ్చినప్పుడు నా వీధిని మొదటిసారి పగటిపూట చూశాను.

అప్పుడు నాకొకటి అర్థమైంది. ఈ ఊరు మా పెద్దవాళ్లకంటే మీకే బాగా తెలుసు. మేం నిద్రపోవడానికి వస్తాం, మీరు ఇక్కడ ఉంటారు. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ మలుపులో మంచు త్వరగా కరగదో, జింకలు ఏ కంచె దూకి వస్తాయో మీకే తెలుసు. 2021 వేసవిలో ప్రిన్స్‌టన్ చుట్టుపక్కల నేలలోంచి సికాడా పురుగులు వచ్చాయి. పదిహేడేళ్లకి ఒక్కసారే బయటికి వచ్చే జాతి అది, మళ్లీ 2038లో గాని రాదు. మా అమ్మాయి వాటి పెంకుల్ని అగ్గిపెట్టెలో దాచుకుంది. నేనేమో కిటికీ మూసి, ఆ రొదలో మీటింగ్ ఎలా పెట్టుకోవాలా అని విసుక్కున్నాను. ఇద్దరిలో ఆ ఊరివాళ్లెవరో చెప్పండి!

మరి "ఏమీ లేదు" అన్నమాట సంగతి? మా ఊళ్లో గ్రోవర్స్ మిల్ అనే పేట ఉంది. 1938 అక్టోబర్ 30న ఆర్సన్ వెల్స్ అనే నటుడు రేడియోలో ఒక నాటకం వేశాడు. అంగారక గ్రహం నుంచి వచ్చినవాళ్లు భూమి మీద దిగారని అందులో వార్తల్లాగా చెప్పారు. దిగింది ఎక్కడనుకున్నారు? గ్రోవర్స్ మిల్‌లో! కొందరు అది నిజమనుకుని భయపడిపోయారు కూడా. నాటకం రాసిన హోవర్డ్ కాక్ కళ్లు మూసుకుని న్యూజెర్సీ మ్యాపు మీద పెన్సిల్ పెడితే, దాని మొన ఈ పేరు మీద పడిందట. ఇప్పుడు అక్కడి చెరువు పక్క పార్కులో దానికొక కంచు ఫలకం ఉంది. నేను ఆ పార్కు పక్క నుంచి ఎన్నోసార్లు కారులో వెళ్లాను గానీ ఒక్కసారీ ఆగలేదు. మా అమ్మాయే సైకిల్ మీద వెళ్లి చూసొచ్చి నాకు చెప్పింది.

ఇంకో చిన్న ముచ్చట. మా స్టేషన్ నుంచి ప్రిన్స్‌టన్‌కి ఒక బుల్లి రైలు నడుస్తుంది. ముద్దుపేరు డింకీ. దాని దారి మొత్తం 2.7 మైళ్లు, ప్రయాణం ఐదు నిమిషాలు. ఎక్కి కూర్చునేలోపే దిగాలి.

2022లో మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉంది. మొదటివారం కిటికీ దగ్గర కూర్చుని, "ఇదేం జంక్షనే? మనుషులు కనబడరు, టీ అని అరిచేవాడు లేడు" అంది. తెనాలి కూడా జంక్షనే మరి! రెండోవారం మనవరాలిని తోడు తీసుకుని నడవడం మొదలుపెట్టింది. కొన్ని వీధుల్లో ఫుట్‌పాత్ లేదు. అలాంటి చోట ఇద్దరూ పచ్చిక మీద నడిచేవారు. ఒకరోజు పక్కింటావిడ తన కూరగాయల మడిలోంచి కలుపు పీకి పారేస్తోంది. మా అమ్మ చూసి, "అయ్యో, అది గంగపావిలి కూరమ్మా, పారేయకు!" అని తెలుగులోనే అరిచింది. మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. ఆ సాయంత్రం మా ఇంట్లో గంగపావిలి పప్పు. ఒక గిన్నెడు పక్కింటికి కూడా వెళ్లింది. పదకొండేళ్లలో నేను అడగని పేరు మా అమ్మ ఒక్క పూటలో కనుక్కుంది.

ఆ తర్వాత శనివారాలు ముగ్గురూ కలిసి స్టేషన్ పార్కింగ్‌లో జరిగే రైతుబజారుకి వెళ్లేవాళ్లు. నన్ను కూడా పిలిచేవారు, ఒక్కోసారి వెళ్లేదాన్ని.

ఇదంతా విని ఒక స్నేహితురాలు నాతో వాదించింది. "పిల్లలు అమెరికా ఊరే నా ఊరు అనుకుంటే, మన ఊళ్లు ఎవరికి గుర్తుంటాయి? వేళ్లు తెగిపోవూ?" అంది. ఆమె భయం నాకూ ఉంది. మా అమ్మాయికి తెనాలి తెలియాలి. ఊరి మధ్యలోంచి పారే మూడు కాలువలు తెలియాలి. కానీ అది "మా అమ్మ వాళ్ల ఊరు". "మా ఊరు" అనే మాట వేరు. తనకి తెలియని ఊరిని తనదని చెప్పించడం వల్ల పిల్లలు తెలుగు మాట్లాడేటప్పుడు తడబడతారని నేను గమనించాను. మాటలు రాక కాదు, చెప్పేది తమది కాదు గనుక. అదే డింకీ గురించి తెలుగులో చెప్పమనండి, ఆపడం కష్టం.

మా పెద్దవాళ్ల మీద ఇంకొక ఫిర్యాదు ఉంది, మీ ముందే చెబుతాను. మేం ఈ ఊరికి స్కూళ్ల కోసం వచ్చాం. మంచిదే. కానీ ఆఖరి పిల్ల కాలేజీకి వెళ్లగానే చాలామంది ఇల్లు అమ్మేస్తారు. మా వీధిలోనే రెండేళ్లలో మూడు ఇళ్ల ముందు అమ్మకానికి బోర్డులు పెట్టారు. అందులో ఒక ఇంటి అబ్బాయి సెలవులకి వచ్చి, తన పాత ఇంటి ముందు కారు ఆపుకుని కాసేపు కూర్చుని వెళ్లాడు. పన్నులు ఎక్కువ, ఇల్లు పెద్దది, నిజమే. అయినా ఆ బోర్డు పెట్టే ముందు పిల్లల్ని ఒక్కమాట అడగాలని నేనంటాను. ఊరు వాళ్లది కదా.

మీది ప్రిన్స్‌టన్ జంక్షన్ కాకపోవచ్చు. లండన్ రైలు ఎక్కే ఏదో పల్లె కావచ్చు, డర్బన్ దగ్గర ఒక చిన్న పేట కావచ్చు. ఈసారి ఎవరైనా "అసలు మీది ఏ ఊరు?" అని అడిగితే, మీ ఊరి పేరే మళ్లీ చెప్పండి. మర్యాదగా, "అండీ" చేర్చి మరీ చెప్పండి. ఆ తర్వాత వాళ్లు "అక్కడ ఏముంటుంది?" అంటారు. అప్పుడు చెప్పడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి. ఈ వారం నడిచి వెళ్లి వెతకండి. దానికి తెలుగు మాట తెలియకపోతే ఇంట్లో అడగండి.

మా అమ్మ ఇప్పుడు తెనాలిలో ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా ముందు పక్కింటావిడ కూరగాయల మడి గురించి అడుగుతుంది. మొన్న వాళ్ల వీధిలో ఎవరో "మీ మనవరాలిది అమెరికాలో ఏ ఊరండీ?" అన్నారట. "ప్రిన్స్‌టన్ జంక్షన్. వాళ్లూ మనలాగే జంక్షన్ వాళ్లే" అని చెప్పిందట.