దైవసంకల్పం, గంటకింత

అమెరికాలో క్రైస్తవ కానుకలు అమ్మే దుకాణంలోకి వెళ్తే యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం కంటపడకుండా బయటికి రావడం కష్టం. కాఫీ కప్పుల మీద, దిండు గలీబుల మీద, చదువు ముగించిన పిల్లలకిచ్చే కార్డుల మీద అదే ఉంటుంది. మన భవిష్యత్తు గురించి దేవుడు మేలే తలపెట్టాడని ధైర్యం చెప్పే వచనం అది. మన తెలుగు చర్చిల్లోనూ కొత్త సంవత్సరం ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల మీద కనిపిస్తుంటుంది. ఎవరి చేతికి వస్తే వాళ్లు తమకోసమే వచ్చిందనుకుంటారు. క్రైస్తవ మహిళలకు జీవిత లక్ష్యం వెతికిపెడతామనే అమెరికన్ లైఫ్ కోచ్‌లకు పెట్టుబడి కూడా చాలావరకు ఈ వచనమే.

ఆ అధ్యాయాన్ని మొదటినుంచీ చదివితే సంగతి వేరు. బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. త్వరలోనే ఇంటికి వెళ్లిపోతామంటున్న ప్రవక్తల్ని నమ్మొద్దు, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి అని అందులో చెబుతాడు. మేలు ఎప్పుడు జరుగుతుందో పదో వచనంలో గడువు కూడా ఇచ్చాడు: డెబ్భై ఏళ్లు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో దాదాపు ఎవరూ ఆ మేలును కళ్లారా చూసే అవకాశం లేదు. తొందరగా మంచి రోజులొస్తాయని చెప్పేవాళ్ల మాట వినొద్దని రాసిన ఉత్తరమే ఇప్పుడు పన్నెండు వారాల ప్యాకేజీకి హామీపత్రంగా చలామణీ అవుతోంది.

ఈ కోచింగ్ సాగే తీరు ఇది. మొదటి ఫోన్ కాల్ ఉచితం. ప్రార్థనతో మొదలవుతుంది. అవతలి స్త్రీ చెప్పుకొస్తుంది: పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయింది, సండే స్కూల్లో పాఠాలు చెబుతున్నాను, అయినా ఏదో వెలితి. కోచ్ ఆ వెలితికి 'పిలుపు' అని పేరు పెడుతుంది. అక్కడినుంచి ఫీజు మొదలు. వారానికో సెషన్, దేవుడు ఎవరికి ఏ వరమిచ్చాడో తేల్చే కృపావరాల పరీక్ష, రోజూ జర్నల్ రాయడం, చివర్లో ఒక్క వాక్యంలో జీవిత లక్ష్యం. ఆ వాక్యం రాసుకున్నాక మనసుకు సమాధానం కలిగితే అది దేవుడు పంపినట్టు. కలగకపోతే ఇంకా లోబడాలి, ఇంకా ప్రార్థించాలి, బహుశా ఇంకో ప్యాకేజీ తీసుకోవాలి. ఈ లెక్కలో తప్పు తేలే దారే లేదు. ఏ జవాబు వచ్చినా పద్ధతి నెగ్గుతుంది, ఓడితే ఆమె ఒక్కతే ఓడుతుంది.

దీని వెనుక రెండు పాయలున్నాయి. ఒకటి లౌకికం. ఫైనాన్షియల్ ప్లానర్‌గా పనిచేసిన థామస్ లియొనార్డ్ 1995లో ఇంటర్నేషనల్ కోచ్ ఫెడరేషన్ పెట్టాడు. 2023 నాటికి ప్రపంచంలో కోచ్‌లు లక్షకు పైనే ఉన్నారని ఆ సంస్థ అంచనా. రెండోది కాలిఫోర్నియాలోని శాడిల్‌బ్యాక్ చర్చి వ్యవస్థాపకుడు రిక్ వారెన్ 2002లో తెచ్చిన 'ది పర్పస్ డ్రివెన్ లైఫ్'. నలభై రోజులు, రోజుకో అధ్యాయం, చివరికి నువ్వెందుకు పుట్టావో నీకే తెలుస్తుందని ఆ పుస్తకం నడక. కోట్లలో అమ్ముడుపోయింది.

ఆ వారెన్ చర్చికే తర్వాత ఏమైందో చూస్తే, ఈ కోచ్‌ల దగ్గరికి స్త్రీలు ఎందుకు వెళ్తారో సగం అర్థమవుతుంది. శాడిల్‌బ్యాక్ 2021లో ముగ్గురు స్త్రీలకు పాస్టర్లుగా అభిషేకం చేసింది. అమెరికాలో అతిపెద్ద ప్రొటెస్టెంట్ శాఖ అయిన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్, మహిళలను పాస్టర్లుగా పెట్టుకున్నందుకు 2023 ఫిబ్రవరిలో ఆ చర్చిని వెలివేసింది. జూన్‌లో న్యూ ఆర్లీన్స్ మహాసభలో వారెన్ స్వయంగా వచ్చి వాదించుకున్నాడు. వెలికి అనుకూలంగా 9,437 ఓట్లు, వ్యతిరేకంగా 1,212 పడ్డాయి. దేవుడు ప్రతి మనిషినీ ఒక పనికి పిలుస్తాడని బోధించేదీ, స్త్రీని ఫలానా పనికి పిలవడని ఓట్లేసి తేల్చేదీ ఒకే సమాజం. అదే శాఖలో దశాబ్దాలపాటు స్త్రీలకు బైబిలు పాఠాలు చెప్పి లక్షలమందిని కూడగట్టిన బెత్ మూర్ కూడా 2021లో దాన్ని వదిలి వెళ్లిపోయింది. ప్రసంగవేదిక ఎక్కనివ్వని చోట స్త్రీలు సదస్సుల వైపు, పాడ్‌కాస్ట్‌ల వైపు, కోచింగ్ వైపు మళ్లడం వింతేమీ కాదు. అక్కడ మాట్లాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వినడానికి వచ్చేవాళ్లదీ అదే ఉక్కపోత.

ఇక ఆ కృపావరాల పరీక్షల సంగతి. "మీలో ఇతరులకు కనిపించని శక్తి ఉంది", "మీరు పైకి ధైర్యంగా ఉన్నా లోపల మథనపడతారు" వంటి ఫలితం చేతికొస్తే చదివిన మనిషి కళ్లు చెమర్చడం సహజం. 1948లో అమెరికన్ మనస్తత్వవేత్త బెర్ట్రమ్ ఫోరర్ తన తరగతిలో 39 మందికి ఒక పరీక్ష పెట్టి, ఎవరి వ్యక్తిత్వ వివరణ వాళ్లకిచ్చి, ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులోని వాక్యాల్ని ఆయన బజార్లో దొరికే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరాడు. జాతకాలు సైతాను పని అని చెప్పే చర్చి, అదే మూసలో పోసిన కాగితాన్ని పరిశుద్ధాత్మ పేరుతో ఇస్తే అభ్యంతరం పెట్టదు.

మరి 'దేవుడు నాతో చెప్పాడు' అనే మాట? ఇక్కడ వెటకారం చేసి తప్పుకోవడం సరికాదు. ఆ మాట చెప్పేవాళ్లు అబద్ధమాడటం లేదు. మానవశాస్త్రవేత్త టాన్యా లూర్మన్ వైన్‌యార్డ్ శాఖ చర్చిల్లో ఏళ్లపాటు కూర్చుని చూసి 2012లో 'వెన్ గాడ్ టాక్స్ బ్యాక్' రాసింది. తమ తలలో వచ్చే ఆలోచనల్లో ఏది తమది, ఏది దేవునిది అని వేరుచేయడం అక్కడి సభ్యులు సాధనతో నేర్చుకుంటారని ఆమె గమనించింది. దేవునితో ముచ్చటించడానికి ప్రత్యేకంగా సమయం కేటాయించుకుని, ఆయన పక్కనే ఉన్నట్టు ఊహించుకుని మాట్లాడతారు. అనుకోకుండా తట్టిన ఆలోచన, లేఖనానికి విరుద్ధంగా లేనిది, మనసును నెమ్మదిపరిచేది అయితే అది ఆయనదే. సాధన చేసేకొద్దీ ఆ స్వరం స్పష్టమవుతుంది. కోచ్‌లు జర్నల్ రాయించేది కూడా ఈ సాధనకే.

ఆ స్వరం ఎవరి అభిప్రాయాలు పలుకుతుందో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ ఎప్లీ బృందం పరీక్షించింది. 2009లో ఫలితాలు వచ్చాయి. గర్భస్రావం, మరణశిక్ష లాంటి విషయాల్లో దేవుని అభిప్రాయం ఏమై ఉంటుందని విశ్వాసులను అడిగితే, తమ అభిప్రాయానికి దగ్గరగానే చెప్పారు. అంతవరకు ఆశ్చర్యం లేదు, తమ నమ్మకాల్ని దేవుని దగ్గరే నేర్చుకున్నామని వాళ్లు అనవచ్చు. అసలు మెలిక తర్వాత ఉంది. కొందరి చేత మరణశిక్ష మీద తమ అభిప్రాయానికి ఎదురుగా కెమెరా ముందు ప్రసంగం చేయించారు. వాళ్ల అభిప్రాయం కొంచెం జరిగింది. దాంతోపాటే వాళ్లు చెప్పే దేవుని అభిప్రాయమూ జరిగింది. అంటే కాసేపు వాదన వల్లెవేయిస్తే దేవుని చిత్తం పక్కకు ఒరుగుతుందన్నమాట. పన్నెండు వారాలు ఒకే కోచ్ ప్రశ్నలకు జవాబులు రాస్తూ కూర్చున్న స్త్రీకి చివర్లో వినిపించే స్వరంలో ఆమెది ఎంత, కోచ్‌ది ఎంత?

ఆ కోచ్‌లు ముందుపెట్టే ఆదర్శం సామెతలు 31వ అధ్యాయంలోని గుణవతి. తెల్లవారకముందే లేస్తుంది, పొలం కొంటుంది, ద్రాక్షతోట నాటిస్తుంది, వ్యాపారం చేస్తుంది, రాత్రి ఆమె దీపం ఆరదు. ఇంటినీ బిజినెస్‌నూ రెండు చేతులా నెట్టుకురావాలని చెప్పడానికి ఇంతకంటే అనువైన పాఠం దొరకదు. పదిహేనో వచనంలో ఆమెకు పనికత్తెలు ఉన్నారన్న సంగతి మాత్రం సెషన్లో చర్చకు రావడం అరుదు. 2018లో 'గర్ల్, వాష్ యువర్ ఫేస్' పుస్తకంతో లక్షలమంది క్రైస్తవ స్త్రీలకు ఆరాధ్యురాలైన రేచల్ హాలిస్ కథ ఇక్కడే అడ్డం తిరిగింది. నీ సంతోషానికి నువ్వే బాధ్యురాలివి, ఇంకా తెల్లవారుజామున లే, ఇంకా కష్టపడు అని ఆమె ధోరణి. 2021 ఏప్రిల్లో తన ఇంట్లో మరుగుదొడ్లు కడగడానికి వారానికి రెండుసార్లు ఒకామె వస్తుందని ఒక వీడియోలో చులకనగా చెప్పి, తను మామూలు ఆడవాళ్లలాంటిది కాదంటే గర్వమేనన్నట్టు మాట్లాడింది. తనలాగే మామూలుగా లేని స్త్రీలంటూ చెప్పిన వరసలో నల్లజాతి బానిసలను విడిపించిన హారియెట్ టబ్‌మన్ పేరు కూడా చేర్చేసరికి అభిమానులు తిరగబడ్డారు, ఆమె క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఈ కోచింగ్ వల్ల మేలే లేదనడం అబద్ధమవుతుంది. ఇంట్లో ఎవరూ పూర్తిగా వినని మనిషి మాటను వారానికో గంట ఒకరు శ్రద్ధగా వింటే ఊరట దొరుకుతుంది. కొందరు మళ్లీ చదువు మొదలుపెట్టారు, చిన్న వ్యాపారం పెట్టుకున్నారు. అయితే ఆ ఊరట విన్న మనిషి వల్ల వచ్చింది. దాన్ని దేవుని ఖాతాలో రాసినందువల్ల కోచ్ మాటకు ఎదురు చెప్పడం దేవునికి ఎదురు చెప్పడంతో సమానమైపోతుంది. చిక్కంతా అక్కడే.

ఆ చిక్కు ఎక్కడిదాకా పోగలదో యూటా రాష్ట్రంలో బయటపడింది. జోడీ హిల్డెబ్రాంట్ అక్కడి మోర్మన్ మతశాఖ కుటుంబాల్లో పేరున్న కౌన్సెలర్‌గా ఉండేది. ఒక క్లయింటు రహస్యాలను అతని చర్చి పెద్దలకూ, విశ్వవిద్యాలయానికీ చేరవేసినందుకు 2012లో ఆమె లైసెన్సును రాష్ట్రం పద్దెనిమిది నెలలు ప్రొబేషన్లో పెట్టింది. అయినా 'కనెక్షన్స్' అనే తన సంస్థ పేరుతో సత్యం, పశ్చాత్తాపం, లోబడటం అంటూ లైఫ్ కోచింగ్ నడిపింది. ఇరవై లక్షలకు పైగా చందాదార్లున్న కుటుంబ యూట్యూబ్ చానల్ నడిపిన రూబీ ఫ్రాంకీ మొదట ఆమె శిష్యురాలు, తర్వాత భాగస్వామి. 2023 ఆగస్టు 30న ఫ్రాంకీ కొడుకు, పన్నెండేళ్లవాడు, ఐవిన్స్ పట్టణంలోని హిల్డెబ్రాంట్ ఇంటి కిటికీలోంచి తప్పించుకుని పొరుగింటికి వెళ్లి తిండి, నీళ్లు అడిగాడు. కాళ్లకూ చేతులకూ టేపు చుట్టి ఉంది. పిల్లల్లో దుష్టత్వం ఉందనీ, దాన్ని వదలగొడుతున్నాననీ తల్లి డైరీలో రాసుకుంది. 2024 ఫిబ్రవరిలో ఇద్దరికీ నాలుగేసి శిక్షలు పడ్డాయి, ఒక్కోటి ఏడాది నుంచి పదిహేనేళ్లు, ఒకదాని తర్వాత ఒకటి అనుభవించాలి.

ఇలాంటి ఘోరాలు అరుదు. కానీ ఆమె పని సాగడానికి వీలిచ్చిన సందు అరుదైనది కాదు. కౌన్సెలర్‌కు డిగ్రీ, పర్యవేక్షణలో వేల గంటల అనుభవం, పరీక్ష, లైసెన్సు కావాలి, తప్పు చేస్తే బోర్డు ముందు నిలబడాలి. కోచ్ అన్న బోర్డు పెట్టుకోవడానికి ఇవేవీ అక్కర్లేదు. కోచ్‌ల సంఘంలో సభ్యత్వం కూడా ఇష్టమైతేనే. మామూలుగా ఆ ఒప్పందపత్రాల్లో ఇది చికిత్స కాదని, ఫలితాలకు హామీ లేదని ఉంటుంది. సంతకం అడిగేది ఆ షరతుల కిందే.