చేతిలో ఉరుము... వీసాకు పిడుగు!

సంక్రాంతికి ఊరొచ్చిన అబ్బాయి ఫోన్ తీసి ఓ ఫొటో చూపిస్తాడు. చెవులకు పెద్ద మఫ్‌లు, కళ్లకు పసుపు అద్దాలు, రెండు చేతుల్లో మిలమిలా మెరిసే బండ పిస్టల్! 'అచ్చం సినిమాలో విలన్‌లా ఉన్నావురా' అని బావ భుజం తడతాడు. అమ్మ మాత్రం 'అదెందుకు నాన్నా నీకు' అంటుంది. బాపట్ల జిల్లా వేటపాలెంలోనే కాదు, పిల్లల్ని అమెరికా పంపిన ఏ తెలుగింట్లోనైనా జరగగలిగే ముచ్చటే ఇది. బావ మాట నవ్వి వదిలేయొచ్చు. అమ్మ ప్రశ్నను వదిలేయడానికి లేదు. ఎందుకంటే ఆ ఒక్క ఫొటో వెనకాల చాలా పెద్ద చట్టమే ఉంది.

సీసా పేరు తూటాకి!
'మ్యాగ్నమ్' అన్నది తుపాకీ పేరు కాదు, తూటా రకం. షాంపేన్‌లో మామూలు సీసాకు రెట్టింపు పట్టే పెద్ద సీసాని మ్యాగ్నమ్ అంటారు. మామూలుకన్నా ఎక్కువ శక్తితో దూసుకెళ్లే తూటాకీ అదే పేరు పెట్టారు. అమెరికాలో 1935లో వచ్చిన .357 మ్యాగ్నమ్‌తో ఈ పేరు స్థిరపడింది. మొదట్లో ఇవన్నీ గుండ్రంగా తిరిగే రివాల్వర్లకే. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, మరుసటిది దానంతటదే గొట్టంలోకి వచ్చే సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లకు అంత శక్తిని తట్టుకోవడం కష్టం.

ఆ చిక్కు విప్పి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది 'డిజర్ట్ ఈగిల్'. అమెరికాకు చెందిన మ్యాగ్నమ్ రీసెర్చ్, ఇజ్రాయెల్ మిలిటరీ ఇండస్ట్రీస్ కలిసి 1980లలో దాన్ని తీర్చిదిద్దాయి. మామూలు పిస్టల్ తూటా వెనక్కి తన్నే బలంతోనే పనిచేస్తుంది. ఇది అలా కాదు. పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత భాగాన్ని చిన్న రంధ్రం గుండా మళ్లించి, రైఫిల్‌లో మాదిరిగా బోల్టును తిప్పుతుంది. బరువు దాదాపు 2 కిలోలు. ఇందులో పెద్ద రకం తూటా వ్యాసం అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. పోలీసుల 9 ఎం.ఎం. తూటాతో పోలిస్తే శక్తి సుమారు నాలుగింతలు. మణికట్టు వదులుగా ఉంటే చేయి అదిరిపోవడమే కాదు, తర్వాతి తూటా సరిగ్గా ఎక్కక పిస్టలే మొరాయిస్తుంది!

ఇంత బలమున్నా ఏ పెద్ద సైన్యమూ దీన్ని తన మామూలు ఆయుధంగా ఎంచుకోలేదు. బరువెక్కువ, పట్టే తూటాలు తక్కువ. లోహపు బొమ్మల్ని పడగొట్టే పోటీలకూ, చేతి తుపాకీతో చేసే వేటకూ, అన్నిటికన్నా ఎక్కువగా సినిమాలకూ పనికొచ్చింది. 1999 నాటి 'ది మ్యాట్రిక్స్'లో నల్ల కోటు ఏజెంట్ల చేతుల్లో ఉన్నది ఇదే.

మన దగ్గర మోజు తీరదు
డబ్బుంటే ఇక్కడా కొనుక్కోవచ్చా? కుదరదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి, ప్రాణభయమో మరొకటో గట్టి కారణం చూపాలి, పోలీసు విచారణ జరగాలి. సైన్యం, పోలీసులు వాడే 9 ఎం.ఎం., .45 లాంటివి 'నిషిద్ధ బోర్' కిందికి వస్తాయి. మామూలు పౌరుడికి దక్కే చేతి తుపాకీ సాధారణంగా .32 బోర్‌ది. కాన్పూర్‌లో 2014లో తయారైన 'నిర్భీక్' రివాల్వర్ బరువు అర కిలో మాత్రమే. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. పెళ్లి ఊరేగింపులో సరదాగా గాల్లోకి కాల్చినా, అది ఇతరులకు ప్రమాదమైతే రెండేళ్ల వరకు జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో తప్పవు.

వేట లైసెన్సు ఉందా?
అమెరికాలో అన్నీ సులువే అనుకుంటారు మనవాళ్లు. అసలు మెలిక ఇక్కడే ఉంది. చదువుకునే ఎఫ్-1, ఉద్యోగానికి వెళ్లే హెచ్-1బి, చూసొచ్చే విజిటర్... ఇలాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ముఖ్యమైనది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. ఊరి పేరులోనే వేట ఉన్నవాళ్లకి ఇది తమాషాగా అనిపించొచ్చు. కానీ ఆ కాగితం లేకుండా షూటింగ్ రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకున్నా చిక్కే. కౌంటర్లో ఎవరూ అడగలేదు కదా అన్నది సమాధానం కాదు. 2022లో చేసిన చట్టంతో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లకు పెరిగింది. దేశం నుంచి పంపించేసే ప్రమాదమూ ఉంది. స్నేహితులకు చూపిద్దామని నెట్‌లో పెట్టిన ఫొటోయే సాక్ష్యమైతే! పొలం తాకట్టు పెట్టి పంపిన చదువు అక్కడితో ఆగిపోతుంది.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల సంగతి వేరు. దుకాణంలో నేర చరిత్ర తనిఖీ అయ్యాక వాళ్లు కొనుక్కోవచ్చు. వాళ్లకి ఎదురయ్యేది మరో ప్రశ్న. ఇంట్లో పిల్లలుంటే ఎక్కడ దాచాలి?

'ఖాళీయే' అన్న మాట
సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌తో ఓ మోసం ఉంది. పిడిలోంచి తూటాల మ్యాగజైన్ లాగేస్తే ఖాళీ అయిపోయిందనుకుంటాం. గొట్టం మొదట్లో ఒక తూటా మిగిలే ఉండొచ్చు! శుభ్రం చేస్తుంటేనో, ఫోజు పెడుతుంటేనో పేలేది అదే. అందుకే అనుభవజ్ఞులు ముందు మ్యాగజైన్ తీస్తారు. ఆపైన స్లైడ్ వెనక్కి లాగి లోపల కళ్లతో చూస్తారు, వేలుతో తడుముతారు. తుపాకీ ఎప్పుడూ నిండుగానే ఉందనుకోవాలి. గొట్టాన్ని మనిషి వైపు తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. తాళం వేసిన పెట్టెలో తుపాకీ, మరో చోట తూటాలు... ఇదీ పద్ధతి.

చిన్న తూటా... పెద్ద పతకం
గురి మీద ప్రేమ ఉన్నవాళ్లకి మన దగ్గర మంచి దారే ఉంది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. స్వర్ణం వచ్చిన 25 మీటర్ల పిస్టల్ జట్టు పోటీలో వాడే తూటా .22 మాత్రమే. వ్యాసం 5.6 మిల్లీమీటర్లు. పిస్టల్ బరువు 1,400 గ్రాములు దాటకూడదు. గురి నిదానంగా చూసుకుని కాల్చే దశలో పది పాయింట్ల వలయం వెడల్పు 5 సెంటీమీటర్లు. పతకం తెచ్చేది తుపాకీ మోత కాదు, గుండె నిబ్బరం.

వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. 1929లో గాంధీజీ అక్కడ శంకుస్థాపన చేశారు. చిత్రమేమిటంటే, గ్రంథాలయం పుట్టిన ఆ 1918లోనే ఆయన ఖేడాలో సైన్యంలో చేరమని కరపత్రం రాస్తూ, భారతీయుల చేతుల్లోంచి ఆయుధాలు లాగేసిన బ్రిటిష్ చట్టాన్ని గట్టిగా తప్పుపట్టారు. తుపాకీ హక్కు కోరేవాళ్లు ఇప్పటికీ ఆ మాటే చూపిస్తారు. పదకొండేళ్ల తర్వాత ఈ ఊరొచ్చి ఆయన పునాది వేసింది మాత్రం పుస్తకాల ఇంటికి!

ఈసారి అబ్బాయి ఫోన్ తీసి ఫొటో చూపిస్తే, 'బాగుందిరా' అనేముందు ఒక్క మాట అడగండి... 'ఏ వీసా మీద కాల్చావు నాన్నా?'