ఉన్నత పాఠశాలకు ఎట్టి గురువు కావలెను?

పదవ తరగతి ఫలితములు వెలువడిన దినమున మన పట్టణములలోని గోడలన్నియు బాలబాలికల చిత్రములతోను, వారి మార్కులతోను నిండిపోవుచున్నవి. ఆ బిడ్డలకు ఆలోచింప నేర్పిన గురువు పేరు మాత్రము ఏ మూలను గానరాదు. ఈ వర్తకపు త్రాసుతో ఉపాధ్యాయుని తూచుట దేశమునకే చేటని మేము నొక్కి చెప్పుచున్నాము.

మరి యెట్టివాడు గురువు? 1880లో పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకొందము. ముఖలింగ దేవాలయ శాసనములను చదువుటకై వారు ప్రాచీన లిపులను స్వయముగా నేర్చుకొనిరి. మన్యములోని సవరల భాషను నేర్చి, ఆ బిడ్డలకు వారి భాషలోనే పాఠములు వ్రాసిరి. వారి సవర నిఘంటువు 1938లో వెలువడినది. వారు గ్రాంథికమును ప్రతిఘటించిరి. మేము గ్రాంథికముననే వ్రాయుచున్నాము. అయినను వారి యెదుట తల వంచుచున్నాము. తాను విద్యార్థిగా నుండుట మానకపోవుట, శిష్యుని భాషను బ్రతుకును ఎరుగుట, ఈ రెండును గురువునకు ప్రథమ లక్షణములు.

నేడు మూడవదియు నవసరము. సమాధానములు బాలుని చేతి ఫోనులోనే దొరకుచున్నవి. కావున వానిలోని సత్యాసత్యములను విడదీయ నేర్పువాడును, తనకు తెలియనిదానిని ‘తెలియదు, కలిసి వెదకుదము’ అని చెప్పగల ధీరుడును కావలెను. బెత్తముతో ప్రశ్న నోరు మూయించువాడు గురువు కాడు. 2009 విద్యాహక్కు చట్టము దండనను, మానసిక హింసను నిషేధించినది. ఆ చట్టము 14 ఏండ్లవరకే యని వాదించువారిని మేమడుగుచున్నాము: పదునైదవ యేట బాలునికి అవమానము బాధింపదా?

అట్లని గురువులనే నిందించుట న్యాయము కాదు. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్సహాయము తప్ప విద్యేతర కార్యములకు వారిని నియోగింపరాదని ఆ చట్టముననే యున్నది. 2020 జాతీయ విద్యావిధానము ఏటా 50 గంటలు ఉపాధ్యాయుని వృత్తివికాసమునకు వినియోగింపవలెనన్నది. పట్టికలు నింపుటతోను, ఫోటోలు పంపుటతోను ప్రొద్దు గ్రుంకుచుండ, ఆ 50 గంటలు ఎక్కడనుండి వచ్చును? గురువును గుమాస్తాగా మార్చి, పిదప వానిలో పాండిత్యము లేదని వగచుట యేమి నీతి?

పఠన మందిరములలో ఈ పత్రిక చదువు సోదరులారా! ఈ మారు మీ బిడ్డ బడికి పోయినప్పుడు మార్కుల పట్టీని ప్రక్కనబెట్టి, ‘మా బిడ్డ మిమ్ము ప్రశ్నింపగలడా?’ యని యడుగుడు. నిర్భయముగా ‘ఔను’ అనగల గురువును గౌరవింపుడు; ఆయనకు తీరికను, గ్రంథములను ఇమ్మని ప్రభుత్వమును నిలదీయుడు. నేడు గురువును ప్రశ్నింప నేర్వని బాలుడు, రేపు వోటరై పాలకుని ప్రశ్నించునా?