ఆ రెండిడ్లీల సంగతి దాచకండి

పోయిన నెల మా ఆడపడుచుకి గర్భసంచి ఆపరేషన్ పెట్టారు. ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరుగారు గదికొచ్చి, రాత్రి 12 దాటాక అన్నం, టిఫిను, పాలు, కాఫీ ఏవీ వద్దనీ, తెల్లవారి 6 దాకా గుక్కెడు మంచినీళ్ళు తాగొచ్చనీ చెప్పి వెళ్ళారు. ఆపరేషన్ 8 గంటలకి. పొద్దున్నే నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి మా అత్తగారు టిఫిను డబ్బా మూత బిగిస్తున్నారు. "రెండిడ్లీలే తిందిలే. ఖాళీ కడుపుతో పిల్ల కళ్ళు తిరిగి పడిపోదూ! నువ్వేం చెప్పకు" అన్నారు.

థియేటరు గుమ్మం దగ్గర నర్సు మళ్ళీ అడిగింది, ఏమైనా తిన్నారా అని. ఆడపడుచు లేదన్నట్టు తల ఊపింది. చెప్పొద్దూ, ఓ నిమిషం నాకూ నోరు పెగల్లేదు. చెబితే అత్తగారికి కోపం. వాయిదా పడితే అన్నయ్యగారి సెలవు వృథా, గది అద్దె దండగ. చివరికి చెప్పేశాను. ఆపరేషన్ ఆగిపోయింది. మూడు రోజులు ఇంట్లో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదనుకోండి!

మెలకువగా ఉన్నప్పుడు మెతుకు అడ్డం పడితే పొలమారుతుంది, దగ్గేస్తాం. పూర్తి మత్తులో ఆ దగ్గు రాదు. కడుపులో ఉన్నది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది. "వెన్నులో ఇచ్చే మత్తే కదా" అని కూడా తీసిపారెయ్యకండి. అది చాలకపోతే అప్పటికప్పుడు పూర్తి మత్తు ఇవ్వాల్సి రావచ్చు. మామూలుగా ఇడ్లీ లాంటి తేలిక టిఫినుకి 6 గంటలు, పూరీలు, మాంసం లాంటి వాటికి 8 గంటలు ఎడం ఉండాలి. పాలు పోసిన కాఫీకీ 6 గంటలే. చంటిపిల్లలకి తల్లిపాలైతే 4, మంచినీళ్ళకి 2. షుగరున్నవాళ్ళకీ, గర్భిణులకీ లెక్క మారొచ్చు, కాబట్టి మీ డాక్టరు చెప్పిందే పాటించండి.

అడిగిందే అడుగుతున్నారని విసుక్కునేవాళ్ళు మనలో చాలామంది. పేరేమిటి, ఏ ఆపరేషన్, ఏ పక్క, ఏ మందు పడదు... ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాలతో ఒక జాబితా తయారుచేసింది. మత్తు ఇవ్వకముందు ఒకసారి, కోత పెట్టకముందు ఒకసారి, థియేటరు నుంచి బయటికి తెచ్చేముందు ఇంకోసారి ఆగి సరిచూసుకోవాలి. ఆ ప్రశ్నలు అందుకే. బి.పి. మాత్రలు, ఆయుర్వేదం గోళీలు, కదిలే పన్ను, కట్టుడు పళ్ళు, ఇదివరకు మత్తిచ్చినప్పుడు వచ్చిన ఇబ్బంది, అన్నీ చెప్పండి. గోళ్ళరంగు తీసెయ్యండి. వేలికి పెట్టే క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో గోరుమీంచే చూస్తుంది మరి. మంగళసూత్రం తియ్యమంటే గొడవపడకండి. పసుపుతాడు ఉంచుకోవచ్చా అని అడిగితే చాలాచోట్ల కాదనరు.

మనమూ అడగాలి. మత్తు డాక్టరు చివరిదాకా పక్కనే ఉంటారా, తెలివొచ్చేదాకా ఎవరు చూసుకుంటారు అని.

అన్నట్టు, ఈ మత్తుకి క్లోరోఫాం వాడే రోజుల్లో, అది ఎంత క్షేమమో తేల్చడానికి 1888, 1889లలో రెండు కమిషన్లు కూర్చున్నది మన హైదరాబాదులోనే. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరని చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఆ ఊరి ఆవిడే!

మా ఆడపడుచుకి వారం తర్వాత ఆపరేషన్ చేశారు. ఇప్పుడు కులాసాగా ఉంది. ఆ రోజు అత్తగారు టిఫిను డబ్బా ఇంట్లోనే వదిలేసి వచ్చారు. కూతురు తినలేదని, పిల్లకి తెలివొచ్చేదాకా తనూ కాఫీ ముట్టలేదు.